మా ఇంటి బోణీ నంబరు

కూర్చున్నావా? పెన్ను రాస్తోందా? సరే, నేను నోటికొచ్చినట్టు మాట్లాడతాను, నువ్వు దాన్ని చదివేవాళ్ళకు అర్థమయ్యేటట్టు సర్ది రాసుకో. మాటల మధ్యలో నేను వక్క కొరుకుతాను, అది రాయకు.

ఇది నీ సంగతే. "అవ్వా, రాస్తే అందరికీ తెలుస్తాది గదా" అని పొద్దున అన్నదీ నువ్వే, మధ్యాహ్నానికి కాగితాలు పట్టుకొని వచ్చిందీ నువ్వే. ఎవరి పేర్లూ రాయొద్దు. నీలాంటి పిల్ల ఇంకో ఇంట్లో ఉంటుంది, ఆ పిల్లకు పనికొస్తుంది.

ఆదోనిలో మాది పత్తి వ్యాపారం. మీ తాత చేశాడు, ఇప్పుడు మీ నాన్న చేస్తున్నాడు. నీకేమో పశువుల డాక్టరు కావాలని పట్టుదల. మీ అమ్మ పుట్టిల్లు హొళగుందలో గొర్రెల మధ్య తిరిగి తిరిగి నీకు ఆ పిచ్చి పట్టింది. ప్రవేశ పరీక్షకు చదవాలంటే హాస్టల్‌కు పోవాలి. ఆడపిల్లను అంత దూరం పంపనని మీ నాన్న మొండికేసి, ఇంట్లోనే చదువుకో అని నెట్టు పెట్టించాడు. నీ పాఠాలన్నీ అందులోనే. నెట్టు ఉంటే నీకు చదువు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఈ మాట కింద గీత గీసి పెట్టుకో, తర్వాత జరిగిందంతా దీని చుట్టూనే తిరిగింది.

ఒకరోజు మీ నాన్న పత్తి మార్కెట్ యార్డు నుంచి ఇద్దరు వ్యాపారులను భోజనానికి పిలుచుకొచ్చాడు. హాల్లో టీవీలో నీ పాఠం నడుస్తోంది. నువ్వు ఉచితంగా నోట్సు ఇస్తారంటే ఏదో నొక్కావు. అంతే, టీవీ నిండా చూడకూడని పేజీ తెరుచుకుంది! ఒకాయన పప్పన్నం కలుపుతూ కలుపుతూ ఉండిపోయాడు. ఇంకొకాయన గోడ మీద మీ తాత ఫోటోను ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు. రిమోట్ కనబడదు. మీ అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, చేతిలో ఉన్న జొన్నరొట్టెల బుట్టనే టీవీకి అడ్డం పెట్టి నిలబడింది. అంత పెద్ద టీవీకి ఆ బుట్ట ఏ మూలకు?

వాళ్ళు చేతులు కడుక్కొని వెళ్ళగానే మీ నాన్న అందుకున్నాడు.

"రేపే నెట్టు పీకిపిచ్చేస్తా. ఫోను నా బీరువాలో పెడ్తా. ఈ సదువూ వద్దు, ఏమీ వద్దు."

"ఏంటికప్పా అట్ల మాట్లాడ్తావు? పాప ఏం చేసింది? అది వచ్చి దాని మీద పడింది."

"అమ్మా, నీకు తెల్దు. రేపు యార్డులో నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

"ఈ పొద్దు యాడుందో ఆడనే పెట్టుకో. ఆ ఇద్దరి ఇండ్లల్లో నెట్టు లేదా, టీవీ లేదా?"

మీ అమ్మకు నవ్వు వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. నువ్వు మాత్రం తలుపు వెనకాల నిలబడి గోళ్ళు కొరుకుతున్నావు. నేను మీ నాన్నను కూర్చోబెట్టి అడిగాను. పిండిలో పురుగు ఉందని పిండి పారబోస్తామా, జల్లెడ పట్టుకుంటాం కదా, ఈ నెట్టుకు జల్లెడ ఉండదా అని. తలుపు వెనక నుంచి నీ గొంతు వినబడింది.

"ఉంటాదవ్వా. ఫిల్టర్ అంటారు. ఫోన్లోనూ, టీవీలోనూ పెట్టుకోవచ్చు."

మీ నాన్న చాలాసేపు మీసం నిమురుకున్నాడు. "సరే. ఒగటి పెట్టి సూస్తాం. అది పెట్టినాక గూడ ఇట్లాంటిది ఇంగోటి నా కంట బడిందనుకో, నెట్టు లేదు, ఫోను లేదు. ఇంట్లో ఎవురూ నన్ను అడగొద్దండి."

అన్నమాట తప్పే మనిషి కాదు మీ నాన్న. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నెట్టు కనెక్షన్ ఇచ్చిన మనిషి ఒక ఫిల్టర్ పేరు చెప్పాడు, ఉచితం అన్నాడు. మీ నాన్న దాన్నే పెట్టేసి చేతులు దులుపుకుందామనుకున్నాడు. నేను ఊరుకుంటానా? "మూట పైపైన సూసి పత్తి కొంటావా నువ్వు?" అని అడిగాను. పత్తి ఇంటి మనుషులం కదా మనం. పైన తెల్లగా పరిచి లోపల తడిసింది పెట్టేవాళ్ళు ఉంటారని, మీ నాన్న మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, లోపలి నుంచి పిడికెడు పత్తి లాగి, వేళ్ళతో సాగదీసి చూస్తేగాని మాట్లాడడు. ఈ ఫిల్టరునూ అట్లాగే చూద్దామన్నాను.

చూడాలంటే ఎవరో ఒకరు చెడ్డమాటలు రాసి వెతకాలి కదా. మీ నాన్న సిగ్గుతో కొట్టుకు పారిపోయాడు. నీ చేత రాయించలేం. ఇక మిగిలింది అత్తాకోడళ్ళం. వంటింటి తలుపు వేసుకొని కూర్చున్నాం.

"అయ్యో శివనే! నేను రాయనత్తా, మీరే రాయండి."

"నాకు ఆ ఫోన్లో వత్తులు పెట్టేది రాదే. నేను సెప్తా, నువ్వు రాయి."

"మీరు సెప్పొద్దండి! నాకు వినేదానికే సిగ్గు."

చివరికి నేను గోడవైపు తిరిగి చెప్పాను, మీ అమ్మ కళ్ళు సగం మూసుకొని రాసింది. ఫిల్టర్ అడ్డం పడింది. పర్వాలేదే అనుకున్నాం. సాయంత్రానికి నువ్వు ఫోను పట్టుకొని కాళ్ళు నేలకేసి కొడుతూ వచ్చావు.

"అవ్వా, ఆవు ఈనే పాఠం బూతంట! పొదుగు గురించి చదువుతాంటే అదీ మూసేసింది. పశువుల డాక్టరు కావల్లంటే ఆవు ఎట్ల ఈంతాదో సూడొద్దా నేను?"

దానికి మంచీ చెడూ తేడా తెలియలేదు. మాట చూసి మూసెయ్యడమే దాని పని. అది పోయింది.

అప్పుడు ఎమ్మిగనూరు నుంచి నా కూతురు, మీ అత్త, ఫోను చేసింది. వాళ్ళింట్లో డబ్బు కట్టి మంచిది పెట్టారట, వచ్చి చూడమంది. మీ అమ్మా నేనూ బస్సెక్కి పోయాం. మీ మామ తువ్వాళ్ళ, చీరల వ్యాపారం చేస్తాడు కదా, మగ్గాల వాళ్ళ దగ్గరికి పోవడం కూడా ఆపుకొని మాకోసం ఇంట్లో ఉన్నాడు. సోఫాలో కూర్చొని ఫోను తెరిచి పెళ్ళి ఫోటోలు చూపించినట్టు చూపించాడు. పిల్లలు ఏం చూశారు, ఎవరితో ఏం మాట్లాడారు, ఏ వీధిలో ఉన్నారు, అన్నీ అందులో వస్తాయి.

"సూడండత్తా, మా ఇంట్లో ఈగ గూడ నాకు తెలీకుండ వాలదు."

నేను కళ్ళజోడు పెట్టుకొని చూశాను. మీ అత్త ఫోను కూడా అందులోనే ఉంది. మొన్న అది నాకు పంపిన మాట అక్షరాలా కనబడుతోంది. 'అమ్మా, ఈయనకు పొద్దుగూకులూ వంకాయే కావల్ల, వండి వండి నాకు యాష్టకొచ్చింది' అని. మీ మామ నా చేతిలోంచి ఫోను నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు. మీ అత్త అప్పుడే పళ్ళెంలో గుత్తివంకాయ కూర పెట్టుకొని వచ్చింది. దేవుడు కూడా ఒక్కోసారి భలే సమయం చూస్తాడు.

భోజనాలయ్యాక మీ అత్త కూతురు నన్ను మిద్దె మీదికి పిలుచుకుపోయింది. ఆ పిల్ల నీకన్నా చిన్నది, కానీ గడుసుది. వాళ్ళ నాన్నకు తెలియకుండా చూడాలనుకున్నవన్నీ ఎదురింటి స్నేహితురాలి ఫోనులో చూస్తుందట. నేను తిట్టలేదు. ఒక్కటే అడిగాను.

"ఎవురన్నా నిన్ను సతాయించినారనుకో, ఎవురికి సెప్తావే?"

"ఎవురికీ సెప్పనవ్వా. సెప్తే ఇంగా బిగిస్తారు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మీ అమ్మ నిద్రపోయింది. నాకు ఆ మాటే చెవిలో తిరుగుతోంది. ఇంటికి వచ్చి మీ నాన్నతో గట్టిగా చెప్పాను. తొంగి చూసేది నాకొద్దు, చెడ్డదాన్ని ఆపేది కావాలి. పాప రాసుకునే మాటలు చదివేది ఏదీ ఈ ఇంట్లోకి రాకూడదు. పొరపాటున మంచి పేజీ మూసుకుపోతే, తెరవమని ఇంట్లో పెద్దవాళ్ళను అడిగే దారి ఉండాలి.

మీ నాన్న తెలిసినవాళ్ళను నలుగురిని అడిగి, అట్లాంటిదే ఒకటి పట్టుకొచ్చాడు. పిల్లల పేజీలు, జూదం, బూతు, మోసాలు అని అరలు అరలుగా ఉంటాయి, మనకు వద్దన్న అరలు మూసుకోవచ్చు. మూసిన పేజీ కావాలంటే 'అడుగు' అని ఒక గుర్తు ఉంటుంది, అది నొక్కితే పెద్దవాళ్ళ ఫోనుకు కబురు పోతుంది. వంటింటి తలుపు మళ్ళీ వేసుకొని పరీక్షించాం. ఈసారి మీ అమ్మ నేను చెప్పకముందే రాసేసింది. ఆవు ఈనింది, బూతు ఆగింది.

ఇక్కడే మీ నాన్న ఒక పని చేశాడు. మన ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా బోణీ నా చేత్తోనే. బండి వచ్చినా, ఫ్రిజ్ వచ్చినా మొదట నేను ముట్టుకోవాలి. మీ తాత పోయాక నేనే వద్దన్నాను, ఇంక నా చెయ్యి ఎందుకప్పా అని. మీ నాన్న వినలేదు, "నీ చెయ్యి నీ చెయ్యేనమ్మా" అన్నాడు. ఆ అలవాటుతోనే, ఫిల్టర్ పెట్టేటప్పుడు మొట్టమొదట నంబరు అడిగిన చోట నా నంబరు బోణీగా కొట్టాడు. తర్వాత తన నంబరు అడుగుతుందిలే అనుకున్నాడు. అది మళ్ళీ అడగలేదు. మా ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. ఇల్లంతటికీ పెద్ద కాపలా నా ఫోనే అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే బయటపడింది. నేను కాఫీ తాగుతుంటే ఫోను మోగింది. నా ఫోను వచ్చిన కబురును తెలుగులో పైకి చదివి చెబుతుంది కదా, నువ్వే పెట్టించావు. 'అనుమతి కావాలి. జూదం' అంది. కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఎవరే ఈ ఇంట్లో జూదం ఆడేది? అంతలో మీ నాన్న పళ్ళు తోముకుంటూ నురగ నోటితోనే వచ్చాడు.

"అమ్మా, పత్తి రేట్లు సూస్తామంటే మూసేసింది. నిన్నడగమంటాది ఇది!"

పత్తి ధరలు ముందుగా చెప్పే ఆ పేజీ దాని లెక్కలో పందేల కిందికి వచ్చిందట. మీ అమ్మ పొయ్యి దగ్గర నుంచి అంది, "అది సెప్పినదాంట్లో తప్పేముంది?" మీ నాన్న తువ్వాలుతో మూతి తుడుచుకొని, ఆదివారం నంబరు మార్చేస్తానన్నాడు. పత్తి కాలం కదా, ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. రోజూ పొద్దున నన్ను అడగడం, నేను నొక్కడం. ఆ వేళకు నువ్వు చెవుల్లో తీగలు పెట్టుకొని పాఠంలో ఉంటావు, నీ పాఠాలవేమో ఎప్పుడూ అడ్డం పడలేదు కాబట్టి, ఈ కబుర్లు నాకు వస్తాయని నీకు తెలియదు. నీతో చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఒక మధ్యాహ్నం నేను వసారాలో కూర్చొని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నాను. మీ అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నువ్వు లోపల చదువుకుంటున్నావు, అట్లా అనుకున్నాం. ఫోను చదివింది. 'అనుమతి కావాలి. మోసాలు. నకిలీ ఖాతాతో ఎవరైనా బెదిరిస్తుంటే ఏం చేయాలి.' కింద నీ ఫోను పేరు చెప్పింది.

చేతులు మంట. ముందు ఫోను ముట్టుకోలేక మోచేత్తో నొక్కబోయాను, కాలేదు. కొంగుకు తుడుచుకొని, ముందు అనుమతి ఇచ్చేశాను. పిల్ల ఏదో దారి వెతుక్కుంటోంది, ముందు దారి తెరవాలి, తర్వాత మాటలు. మిరపకాయల చాట పట్టుకొనే నీ గదిలోకి వచ్చాను. గుర్తుందా? నువ్వు మంచం మూలన ముడుచుకొని ఉన్నావు.

"పాపా, ఆ పేజీ తెరుసుకున్యా?"

నువ్వు దిగ్గున లేచి కూర్చున్నావు. "అది... నీకొచ్చిందా అవ్వా? నాయనకు గాదా?"

"నాకే వచ్చింది. రొంత జరుగు, కూసుంటా."

ఇంక నువ్వు ఆగలేదు. నా ఒళ్ళో పడి ఏడ్చావు. పోయినేడు కాలేజీ వార్షికోత్సవంలో నువ్వు ఆడిన కోలాటం ఫోటో ఎవడో తీసుకొని, నీ పేరుతో దొంగ ఖాతా తెరిచాడట. నీ స్నేహితురాళ్ళకు పిచ్చి మాటలు రాస్తున్నాడట. వీడియోలో నాతో మాట్లాడు, లేకపోతే ఇదంతా మీ నాన్న కొట్టుకే పంపిస్తానని నిన్ను బెదిరిస్తున్నాడట. నువ్వు మాట్లాడలేదు, మాకూ చెప్పలేదు. చెబితే నెట్టు పోతుంది, నెట్టు పోతే చదువు పోతుంది. ఒక్కదానివే మోసుకుంటూ కూర్చున్నావు. ఆ పేజీ మూసుకోగానే కంగారులో 'అడుగు' మీద నీ వేలు పడిందట, కబురు నాన్నకే పోయిందని ముడుచుకున్నావు.

నాకూ ఏడుపొచ్చింది. అప్పుడే మీ అమ్మ ఖాళీ బకెట్ పట్టుకొని వచ్చి మా ఇద్దరినీ చూసి చాట అవతలికి లాగేసింది. "ఇంట్లో కూసొని మిరపకాయల తొడిమలు తీస్తారాత్తా? ఘాటుకు సస్తారు!" అంది. తర్వాత సంగతి విని బకెట్ అక్కడే వదిలేసింది. "వాని చెయ్యి పడిపోనూ" అని మొదలుపెట్టి, వాడికి లేని అవయవాలు కూడా పడిపోవాలని తిట్టింది. కాసేపు తిట్టనిచ్చాను. అంత తిట్టు ఆ పూట మాకు అవసరమే.

ఆ పేజీలో అంతా ఉంది. వాడికి జవాబు ఇవ్వొద్దు, వాడు రాసింది చెరిపెయ్యొద్దు, ఫోటోలు తీసి పెట్టుకో, ఖాతా మీద ఫిర్యాదు చెయ్యి, పోలీసుల సహాయ కేంద్రానికి ఫోను చెయ్యి అని. ఒక్కొక్కటీ చేశాం. పోలీసు ఫోనులో మాట్లాడిన ఆమె ఎంత బాగా మాట్లాడింది! "భయపడొద్దమ్మా, నీ తప్పు ఏమీ లేదు" అని నీతోనే నేరుగా అంది. అప్పుడు నీ భుజాలు కిందికి దిగడం నేను చూశాను.

మీ నాన్న సంగతి మిగిలింది.

"నాయనకు సెప్పొద్దవ్వా. నీ కాళ్ళు మొక్కుతా."

"నేను సెప్పను. నువ్వు సెప్తావు. నేను పక్కనే కూసుంటా. వాని చేతిలో ఏముంది పాపా? మీ నాయనకు తెల్దనేది ఒగటే ఉంది. అది మనమే తీసేసుకుంటే వానికి ఇంగేం మిగుల్తాది?"

సాయంత్రం మీ నాన్న చొక్కా నిండా పత్తి పోగులతో వచ్చాడు. మీ అమ్మ మజ్జిగ ఇచ్చింది. నువ్వు ఎదురుగా నిలబడి తల వంచుకొని మొదలుపెట్టావు. మధ్యలో ఆగితే నేను నీ వీపు మీద చెయ్యి వేశాను, మళ్ళీ చెప్పావు. మీ నాన్న మజ్జిగ తాగలేదు. చొక్కా చేతి మీద పోగులు ఒక్కొక్కటే ఏరుతున్నాడు. నువ్వు చెప్పడం అయిపోయింది, ఆయన ఏరడం అవలేదు.

"నా కొట్టుకు పంపుతానన్నాడా?"

"ఊ."

చెయ్యి చాపి నీ ఫోను అడిగాడు. నువ్వు నా వైపు చూశావు. ఇంక అయిపోయిందనుకున్నావు కదూ? నేనూ అనుకున్నాను, అబద్ధం ఎందుకు. మీ నాన్న ఫోను తీసుకొని, ఫిర్యాదు సరిగ్గా పోయిందా లేదా అని మొత్తం చూశాడు. తర్వాత ఆ కోలాటం ఫోటో దగ్గర ఆగాడు.

"పంపనీ. వస్తే నేను సూసేది నా కూతురి ఫోటోనే గదా. కొట్లో అందరికీ సూపిస్తా, మా పాప బో బాగా ఆడింది అని."

ఫోను నీ చేతిలో పెట్టేశాడు. "నెట్టు...?" అన్నావు నువ్వు, సగం గొంతుతో.

"నెట్టుకేమయింది? ఈ పొద్దు పాఠం ల్యా నీకు?" అని మజ్జిగ ఎత్తి తాగేశాడు. గ్లాసు కింద పెట్టి, "నాకేంటికి సెప్పలేదు పాపా?" అన్నాడు.

నేను అన్నాను, "నువ్వు సెప్పనిచ్చినావాప్పా? కంట బడితే నెట్టు లేదంటివి."

"ఊ" అన్నాడు. అంతే. ఆ మనిషికి ఆ ఊ ఎంత కష్టమో కన్నతల్లిని, నాకు తెలుసు.

మర్నాడు సాయంత్రానికి ఆ దొంగ ఖాతా కనబడకుండా పోయింది. నువ్వు వెతికి చూశావు, మీ అమ్మ వెతికింది, మీ నాన్న యార్డు నుంచి ఫోను చేసి మరీ అడిగాడు. లేదు. ఆ పూట మన ఇంట్లో ఎంత తిన్నామో! మీ అమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసింది. నేను తొడిమలు తీసిన మిరపకాయలు అట్లాగే ఉండిపోయాయి, మళ్ళీ ఎండబెట్టుకోవలసి వచ్చింది.

తర్వాతి ఆదివారం మీ నాన్నకు నిజంగానే తీరిక దొరికింది. ఫోను తీసి నంబరు మార్చడానికి కూర్చున్నాడు. నువ్వు ఆయన పక్కకు పోయి నిలబడ్డావు.

"నాయనా, అవ్వ నంబరే ఉండనీ."

"అంటే పత్తి రేటు సూడల్లన్నా మా అమ్మను అడుగుతానే ఉండల్లనా నేను?"

"అడుగు, ఏమయితాది?" అంది మీ అమ్మ.

మీ నాన్న నీ ముఖం ఒకసారి, నా ముఖం ఒకసారి చూసి, ఫోను మూసి జేబులో పెట్టుకున్నాడు. ఎమ్మిగనూరులో మీ మామకు కూడా ఈ సంగతి చెప్పాడట. ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు. మీ అత్త ఫోను మాత్రం అందులోంచి తీసేశాడని దాని మెసేజ్ చూస్తే తెలిసింది, ఈసారి వంకాయతో ఆగలేదు అది.

నేనిప్పుడు నిమ్మళంగా నిద్రపోతున్నాను పాపా. ఫిల్టర్ అన్నీ ఆపుతుందని కాదు. అది ఆపలేనిది వస్తే నువ్వు నా దగ్గరికి వస్తావు, మీ నాన్న దగ్గరికీ పోతావు. అది తెలిసింది కదా, చాలు.

అదిగో, ఫోను మోగుతోంది. జూదం అంటోందా? మీ నాన్నే. యార్డులో ధర మారుతున్నట్టుంది, పాపం తొందర పడుతుంటాడు. ఆ కళ్ళజోడు ఇట్లా ఇవ్వు, ముందు ఆయనకు నొక్కి వస్తాను.